రేపటి గుంత

పిడి రెండు కొసలూ పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీద వేసి, కుడికి కొంచెం, ఎడమకు కొంచెం తిప్పుతున్నాడు గుంతలాయన. ఉక్కు గొట్టం గడ్డిని కోసుకుంటూ జానెడు లోతుకు దిగింది. పైకి లాగితే గొట్టం నిండా తడిమట్టి, నెత్తిన గడ్డితో సహా చెక్కు చెదరకుండా వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి నిన్నటి గుంతలో దించి, అరచేత్తో అదిమి, నీళ్ళు చల్లాడు. ఇక నిన్నటి గుంత ఎక్కడుందో చెప్పమంటే దేవుడైనా తడుముకోవాల్సిందే. గుంతలాయన మాత్రం తడుముకోడు.

గోల్ఫ్ మైదానంలో గుంత రోజూ చోటు మారాలి. ఒక్కచోటే ఉంటే చుట్టూ ఉన్న గడ్డి కాళ్ళ కింద నలిగి చస్తుంది. ఆ మార్చే పని నలభై ఒక్క ఏళ్ళుగా అతనిదే. పొట్టి మనిషి, ఎండకు కమిలిన మెడ, ఎడమ మోకాలి దగ్గర పచ్చరంగు పట్టిపోయిన అతుకు. పొద్దున్నే కొత్త గుంత కోస్తాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు రేపటి గుంతకు చోటు చూసుకుని, అక్కడ తెల్లరంగు పూసిన చిన్న చెక్క మేకు గుచ్చుతాడు. గడ్డిని నిమిరినంత సుతారంగా నన్నెప్పుడైనా చూసుకున్నారా అని భార్య దెప్పిపొడిచేది. నువ్వు నలిగే రకం కాదులే అనేవాడు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడతాడు.

క్లబ్బుకు కుర్రకారు రావడం మానేసి పదేళ్ళు. మిగిలిన సభ్యులందరూ మోకాళ్ళకు పట్టీలు కట్టుకునే బాపతు. క్లబ్బు వెనక గుంతలాయన పెంచిన ఈ మైదానాన్ని తీసేసి కార్లు నిలపడానికి తారు పోయిద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఆఖరి ప్రయత్నంగా ఇవాళ కాలేజీ పిల్లల్ని పిలిచారు. మళ్ళీ వస్తామని సాయంత్రంలోగా ఇరవైమంది పేర్లు రాస్తే గడ్డి ఉంటుంది. లేదంటే తారే.

నిన్న క్లబ్బు సెక్రటరీ పనిగట్టుకుని వచ్చి, ఈ కాలం పిల్లలకు ఓపిక తక్కువ, గుంతను బకెట్టంత వెడల్పు చేయమన్నాడు.

"బకెట్లో చెత్త కూడా పడుతుంది సార్. దానికెవరైనా ఎగిరి గంతేస్తారా?"

"మరి పేర్లు రాకపోతే?"

"వస్తాయి. కొలత నాలుగుంబావు అంగుళాలే. చోటు సంగతి నాకొదిలేయండి."

ఆ ధీమా ఊరికే రాలేదు. ఆట ముగిసే చివరి గుంత ఉన్న చోట నేల ఒక పక్క గట్టుగా లేచి, మరో పక్క పల్లంగా దిగుతుంది. పదహారేళ్ళ వయసులో, ఆడేవాళ్ళ కర్రల సంచులు మోస్తూ, ఇక్కడే చూశాడతను. తప్పు దిక్కుకు పోయిన బంతి గట్టెక్కి, ఆగి, మనసు మార్చుకున్నట్టు వెనక్కి తిరిగి, చుట్టూ జారుకుంటూ వచ్చి పల్లంలోని గుంతలో పడింది. అంతే, ఇక ఈ మైదానం వదల్లేదు. ఇవాళ గుంత కోసింది సరిగ్గా ఆ పల్లంలోనే. గట్టు నెత్తిన గుంత పెట్టేది మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చి ఆడేవాళ్ళ కోసమే. కుర్రకారు రాక ఆగిన నాటి నుంచి అతను అక్కడ మేకు గుచ్చనే లేదు.

గుంతలో జెండా కర్ర నాటి లేస్తూ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. వయసు కదా అనుకున్నాడు.

పది గంటలకు పిల్లలు దిగారు. ఫోన్లలో తలలు, నోట్లో ఆవలింతలు. సెక్రటరీ ఉపన్యాసం ఎత్తుకోగానే సగంమంది నీడ వెతుక్కున్నారు. ఇలా లాభం లేదని గుంతలాయన ముందుకొచ్చాడు. ఐదొందల ఏళ్ళకు పైగా కిందట, ఈ ఆట పుట్టిన దేశంలో, మీ ఈడు కుర్రాళ్ళు ఈ ఆటలో పడి విల్లు పట్టడం మానేస్తే, శత్రువొస్తే దిక్కెవరని ఒక రాజు ఆటనే నిషేధించాడని చెప్పాడు. నిషేధం అనేసరికి తలలు లేచాయి.

"నిషేధిస్తే మానేశారా?" అంది ఎర్ర బూట్లు వేసుకున్న ఒకమ్మాయి.

"మానేసుంటే మీరిక్కడ ఎందుకుంటారమ్మా? ఆ రాజు మనవడే చివరికి ఈ ఆట కోసం కర్రలు కొనుక్కున్నాడు."

అందరూ నవ్వారు. తోలు సంచిలో ఈకలు కూరి బంతులు కుట్టిన కాలం గురించి చెబుతూనే, అందరికంటే బద్ధకంగా నిలబడిన కుర్రాడి చేతికి కర్ర ఇచ్చాడు. వాడు కొట్టిన బంతి ఎటో పోయి గట్టెక్కింది. మిగతావాళ్ళు గొల్లున నవ్వారు. బంతి ఆగింది, తిరిగింది, జారుకుంటూ వచ్చి గుంతలో టక్కున పడింది. ఆ తర్వాత కర్ర కోసం తోపులాట. మధ్యాహ్నానికి ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి.

ఎర్ర బూట్ల అమ్మాయి మాత్రం నేల మీద వంగి, వాలు చూసి, అతని దగ్గరికొచ్చింది.

"తాతగారూ, నిజం చెప్పండి. బంతి పడింది మా గొప్పా, మీ గొప్పా?"

దొరికిపోయినందుకు అతనికి పట్టరాని సంతోషం కలిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"ఇవాళ్టిది నాది. రేపు రా, ఎవరిదో తేలుతుంది."

ఎండ వాలింది. పేర్లు రాయమని సెక్రటరీ పిల్లల్ని క్లబ్బు గదిలోకి తీసుకెళ్ళాడు. గుంతలాయన వెంట వెళ్ళలేదు. గడ్డి మీద బూట్ల గుర్తులు సరిచేస్తూ ఒక చుట్టు తిరిగాడు, కాసేపు వంగి ఏదో పని చేశాడు, వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. బూట్లు విప్పి జతగా పక్కన పెట్టుకున్నాడు. గడ్డి చల్లగా తగిలి కాళ్ళకు హాయిగా ఉంది.

అరగంటకు సెక్రటరీ పరుగులాంటి నడకతో వచ్చాడు. ముప్పై ఒక్క పేర్లు. దూరం నుంచే ఒక్కొక్కటీ చదువుకుంటూ వచ్చినవాడు సగంలో ఆగిపోయాడు. గుంతలాయన తల బెంచీ వీపుకు ఆనించి, వింటున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఈ ఒక్క కబురూ విని పోకూడదా పెద్దాయనా," అంటూ సెక్రటరీ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

పిల్లలు బెంచీ దగ్గరికి రాలేక దూరంగా నిలబడిపోయారు. ఎర్ర బూట్ల అమ్మాయి మాత్రం బూట్లు విప్పి చేత పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, గడ్డి మీదుగా పైకి నడిచింది. గట్టు నెత్తిన, ఉంచిన బంతి కూడా నిలవని చోట, తెల్లరంగు పూసిన చిన్న చెక్క మేకు గుచ్చి ఉంది.