చెన్ని గొంతు

ఈదమ్మ ఒక్కో కుర్చీకీ తెల్లటి తొడుగు వేసి వెనక ముడి వేస్తోంది. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు దారి పక్కనున్న ఆ హాలు మీదుగా విమానం పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. ఆమె తల ఎత్తలేదు. పొట్టి మనిషి. నుదుట పచ్చబొట్టు, మోచేతి మీద ఎప్పుడో తేనెపట్టు తీస్తూ జారిపడ్డ దెబ్బ మచ్చ. నల్లమల చెంచు గూడెం నుంచి వచ్చిన ఆమెకు ఈ ఊడ్చే పని ఇప్పించింది జయకర్. అతను చెంచు పిల్లల మీద చిన్న సినిమాలు తీస్తాడు. వాటిని ఈ రోజు ఈ హాల్లోనే చూపిస్తున్నారు. నిరుడు ఎండాకాలంలో తీసిన ఒకదాంట్లో ఈదమ్మ కూతురు చెన్ని ఉంది.

"ఇయ్యాల నీ బిడ్డను తెర మీద జూస్తవమ్మా," అన్నాడు జయకర్ పొద్దున.

దీపాలు ఆరాయి. ఈదమ్మ చీపురు పట్టుకునే గోడకు ఆనుకుని నిలబడింది. పక్కన తోటి పనిమనిషి ఎస్తేరమ్మ. తెర మీద గుడిసె ముందు చెన్ని కూర్చుని ఉంది. ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. ఇటు తిరిగి ఏదో చెప్పి నవ్వింది. సినిమాకు వెనక కలిపిన పిల్లనగ్రోవి పాట ఆ మాట మీదుగా మోగుతూనే ఉంది. కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. చదివినవాళ్ళంతా నవ్వారు.

"ఏమన్నదక్కా?"

"నాకేం తెల్సు? ఆ పాటల ఇనబడ్తలేదు. ఇంటికి పోయినప్పుడు బిడ్డనే అడుగరాదు?" అంది ఎస్తేరమ్మ.

"ఏడున్నదక్కా అడగనీకి? పోయిన వానకాలం జరమొచ్చింది. దవాఖానకు మోసుకపోతుంటే తొవ్వలనే పోయింది."

ఎస్తేరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

చప్పట్లయ్యాయి. జనం భోజనాలకు కదిలాక ఈదమ్మ జయకర్ దగ్గరికి వెళ్ళింది.

"సారూ, జర ఆ పిల్లనగోయి బంద్ జేసి సూపెట్టు."

"అమ్మ వచ్చినంక తేనె తింట అన్నదమ్మా చెన్ని."

"మాట గాదు సారూ. గొంతు. మొకం యాదికున్నది. గొంతు యాదికొస్తలేదు."

జయకర్ లాప్‌టాప్ మూత వేశాడు.

"పాట, గొంతు రెండూ కలిసిపోయినయమ్మా, ఇగ ఇడదీయరాదు. మొదలు తీసినదంత కంప్యూటర్ల జాగ లేక చెరిపేసిన. గప్పుడు నాకేం తెల్సు గిట్లయితదని..."

ఈదమ్మ తల ఊపింది. హాలు ఊడ్చింది. ఎంగిలి ప్లేట్లు ఎత్తింది. సగం తాగి వదిలేసిన నీళ్ళసీసాలు ఏరి గోనెసంచిలో వేసింది. సాయంత్రం పిలిస్తే లేదు. గేటు దాటి పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

సామాన్ల గదిలో మేకుకు, ఈదమ్మకు కంపెనీ ఇచ్చిన నీలంరంగు కోటు వేలాడుతోంది. జేబు మీద, ఆమెకు ముందు పనిచేసి వెళ్ళిపోయిన రేఖ పేరే ఇంకా కుట్టి ఉంది.