కొంగల సందుకు దారి

ఫిదెన్సియో రోజూ పొద్దున్నే సైకిలు మీద బిగించిన సానరాయిని తడిగుడ్డతో తుడుచుకుని ముందు జాలరిపేటకు వెళ్తాడు. చేపలు కోసే కత్తులకు పదును పొద్దున్నే కావాలి. అక్కణ్ణుంచి వంతెన దాటి చర్చి వెనక పాతపేట, ఎండ ముదరకముందే కొండపేట, మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డున హోటళ్ళ బారు. ప్రతి మలుపులోనూ ఆగి చిన్న పిల్లనగ్రోవి తీసి ఒక్క కూత కూస్తాడు. అది వినగానే కత్తులూ కత్తెరలూ పట్టుకుని ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వస్తారు.

ఆ మంగళవారం కూడా అలాగే బయల్దేరాడు. కాకపోతే అది ఆఖరిసారి. అతనుండే అద్దెగదిని యజమాని టూరిస్టుల కోసం బాగుచేయిస్తున్నాడు. ఊళ్ళో ఇంకో గది దొరకలేదు. సాయంత్రం ఐదింటి బస్సుకు కొండల్లోని తెపిక్‌లో ఉన్న మేనకోడలి ఇంటికి వెళ్ళిపోవాలి. అక్కడ సముద్రం లేదు. అరవై ఎనిమిదేళ్ళు అలల హోరులో నిద్రపోయినవాడికి అక్కడ కన్ను మూతపడుతుందా అని వారం రోజులుగా గుబులుగా ఉంది.

జాలరిపేటలో హసింతా చేపలు తోముతూనే అతణ్ణి ఆటపట్టించింది. చిన్నప్పుడు ఇద్దరివీ ఎదురెదురిళ్ళు.

"కొండల్లోకి పోయి ఏం చేస్తావ్? మేకల కొమ్ములకు పదును పెడతావా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కత్తి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ప్వెర్తో సాన్ తెల్మో అనే ఆ రేవు ఊరివాళ్ళకు ఒక అలవాటుంది. పరాయివాళ్ళు దారి అడిగితే తెలియదనరు. అలా అనడం మర్యాద కాదు. తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తి, ఇలా వెళ్ళి అలా తిరగమని చెప్పి పంపిస్తారు. ఊరు కూడా మర్యాద తెలిసిందే, వాళ్ళ మాట పోనివ్వదు. ఎవరికో హసింతా మందుల షాపు కొండ మీదుందని చెప్పిన దగ్గర్నుంచీ, అంటే మే నెల నుంచీ, అది కొండ మీదే ఉంది. షాపాయన రోజూ మెట్లెక్కలేక రొప్పుతూ ఆమెను తిట్టుకుంటాడు. పోస్టుమాన్ సోమవారం పొద్దున చర్చి దగ్గర కూర్చుని ఏ వీధి ఎటు పోయిందో కనుక్కుని మరీ ఉత్తరాలు పంచుతాడు. చెప్పినవాళ్ళు వెనకాలే వెళ్ళి నిజంగా ఉందా అని చూడ్డం మాత్రం పెద్ద తప్పు. ఊరిని అనుమానించినట్టవుతుంది.

ఊరు మొత్తమ్మీద దారి అడిగితే 'లేదు' అన్నవాడు ఫిదెన్సియో ఒక్కడే.

ముప్పై ఏళ్ళ కిందట హోటలు కోసం కొంగల సందును కూల్చేశారు. తెల్లటి ఉప్పుమట్టి నేల, ఏడిళ్ళు, చివర నీలం తలుపున్న అతని తండ్రి సానకొట్టు, వాళ్ళ ఇల్లూ అదే. సందులో వాళ్ళంతా మూటలు సర్దుకుని చర్చి మెట్ల మీద కూర్చున్నారు. ఎవరో ఒక పరాయివాడు రాకపోతాడా, సందెక్కడని అడక్కపోతాడా అని. మూడో రోజు ఓడ దిగిన ఒకాయన వచ్చి అడగనే అడిగాడు. అడిగింది ఫిదెన్సియోని. తలలో ఇంకా ఇంటి గోడల దుమ్మే ఉంది, కడుపు మండిపోతోంది.

"కొంగల సందు లేదు. ఇక ఉండదు," అన్నాడు.

ఊరు ఆ మాటా నిలబెట్టింది. ఎవరూ అతణ్ణి పల్లెత్తు మాట అనలేదు. మూటలెత్తుకుని తలో పేటకూ వెళ్ళిపోయారు. తిడితే బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు. లేదన్న మాటను వెనక్కి తీసుకోగలిగింది అన్నవాడే, అదీ మళ్ళీ పరాయివాళ్ళు అడిగితేనే. ముప్పై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు.

మూడు గంటలప్పుడు ఆ హోటలు ఎదుట సైకిలు ఆపుకుని ఉండగా, భుజాన సంచితో ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఇత్సెల్, దురాంగో నుంచి వచ్చానంది. గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి తీసి, ఇది అమ్మమ్మదని చెప్పింది. ఇలా ఇవ్వు, ఇక్కడే పదును పెడతానన్నాడు ఫిదెన్సియో.

"ఏమనుకోకండి పెద్దాయనా. అక్కడే పెట్టించమని అమ్మమ్మ మరీ మరీ చెప్పింది. కొంగల సందు చివర నీలం తలుపట. ఎటు వెళ్ళాలి?"

ఆ అమ్మాయి వెనకే, ఒకప్పుడు సందున్న చోట, పన్నెండంతస్తుల హోటలు నిలబడి ఉంది. మాట రాకపోతే? చెప్పాక కూడా ఊరు కదలకపోతే? ఈ పిల్ల ఎండలో తిరిగి తిరిగి ఏడుస్తుంది. అయినా చెయ్యి తనంతట తనే లేచింది.

"కొండపేటలో రొట్టెల దుకాణం దాటి ఎడమకు తిరుగమ్మా. ఏడు మెట్లు దిగితే సందు. చివరిదాకా వెళ్ళు."

రొట్టెల దుకాణం పక్కన ఏముందో అతనికి బాగా తెలుసు. పొద్దున్నే చూశాడు. ఒక మొండిగోడ, దాని మీద ఆరేసిన దుప్పటి.

బస్టాండులో సైకిల్ని బస్సు పైకి ఎక్కించి కట్టారు. టైము నాలుగున్నర అయింది. చేతిలో మిగిలిన పిల్లనగ్రోవిని ఆఖరిసారి నోట పెట్టి ఊదాడు. ఆ కూత విని రోడ్డవతల నుంచి ఇత్సెల్ వచ్చింది. చెప్పులకు తెల్లటి ఉప్పుమట్టి అంటుకుని ఉంది. అంత తెల్లటి మట్టి కొండ మీద ఎక్కడా లేదు. ఫిదెన్సియో ఆ చెప్పుల వంకే చూస్తూ ఉండిపోయాడు.

"దొరికిందండీ. కొట్టాయన లేడు గానీ తలుపు తీసే ఉంది. ఎదురింటి మెట్ల మీద ఒకావిడ చేపలు తోముకుంటోంది, హసింతా అట. ఊళ్ళోకి వెళ్ళాడు, ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు, కత్తి రాయి పక్కన పెట్టి పో అంది. మీరూ అదే పని కదా, ఆయన తెలుసా మీకు? మాట మీద ఉండే మనిషేనా?"

ఫిదెన్సియో పిల్లనగ్రోవిని జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే వచ్చి తీసుకోమ్మా," అన్నాడు.

సైకిలు దింపమంటే డ్రైవరు విసుక్కున్నాడు. ఫిదెన్సియో వినిపించుకోలేదు. సైకిలు తోసుకుంటూ, ఆగకుండా కొండపేట దారి పట్టాడు. చెప్పినవాడు వెనకాల వెళ్ళి చూడకూడదని అతనికి గుర్తుంది. చూడ్డానికి కాదు అతను వెళ్తున్నది. ఐదింటికల్లా అతను ఇంట్లో ఉంటాడని హసింతా పరాయి పిల్లకు చెప్పేసింది.