చెయ్యి విరిగినా వేసిన గొళ్లెం

మొక్కజొన్న రొట్టెలో చక్కెర పడిందని క్లేటన్ పొద్దున్నే భార్య వెర్నాతో తగువు పెట్టుకున్నాడు.

"రొట్టె అడిగితే కేకు పెట్టావేంటి?"

"నీ కోపం రొట్టె మీద కాదులే," అంది వెర్నా.

నిజమే. కెంటకీ కొండల్లోని వాళ్ల పొలం మీదుగా గుర్రపుస్వారీకి వచ్చేవాళ్లను ముప్ఫై ఏళ్లుగా పోనిస్తున్నారు. నిన్న ఆ దారిలో ఇమోజీన్ అనే పెద్దావిడ గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆవిడ కోర్టుకెక్కితే పొలం దక్కదని క్లేటన్ భయం. దారికి గొలుసు వేసేస్తానంటున్నాడు.

మధ్యాహ్నం ఇమోజీన్ చేతికట్టుతోనే వచ్చింది.

"దారికి నువ్వు డబ్బు తీసుకోలేదు కదయ్యా. ఉత్తినే పోనిచ్చినవాణ్ణి ఇక్కడి చట్టం పట్టుకోదు. అయినా, నా గుర్రం బెదిరింది తీతువు పిట్ట అరుపుకు, నీవల్ల కాదుగా. నా బెంగంతా నీ ఆవుల గురించే. నిన్న పోతూ నేను వేసిన గేటు గొళ్లెం సరిగ్గా పడిందా?"

పడింది. రెండు చేతులతో ఎత్తితేగాని పడని గొళ్లెం అది. అంత నొప్పిలోనూ ఈవిడ ఒంటిచేత్తో, భుజం ఆనించి వేసి వెళ్లింది. వెర్నా ఆవిడకు కుర్చీ జరిపి, చాలాసేపు ఆ కట్టునే చూసింది.

రాత్రి భోజనాల దగ్గర క్లేటన్ మిగిలిన తీపిరొట్టె ముక్క వేసుకున్నాడు.

"గొలుసు వెయ్యను," అన్నాడు. "రేపు ఆ గొళ్లెం మారుస్తా. ఒంటిచేత్తో పడేది పెడతా."