గెలిచిన బండికి బరువు

తమ్ముడి దినాలు ముగిసిన వారంలోనే క్లబ్బు సెక్రటరీ రామేశ్వర్ గారు హైదరాబాదు నుంచి జీపులో మా బడికి వచ్చారు. జీపు వెనక గోనెసంచి కప్పి రెండు తూకం బాట్లు తెచ్చారు. ఒక్కొక్కటి ఇరవై కిలోలు. అవి మా బాపు దుకాణంలోవి. వాటిలో ఒకటి మా తమ్ముడు హరికిషన్‌ను చంపింది. ఆ సంగతి బాపుకు తెలియదు. ఎప్పటికీ తెలియనివ్వకూడదని నేను అప్పటికే నిర్ణయించుకున్నాను.

బాపు పేరు నాగేశం. సిద్దిపేట గంజి బజారులో పప్పులు, బెల్లం, చింతపండు అమ్ముతాడు. దుకాణం వెనకే ఇల్లు. అమ్మ పోయాక ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తమ్ముడు గల్లాపెట్టె దగ్గర కూర్చోలేనని కరీంనగర్ రోడ్డు మీద రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని కార్లు, జీపులు బాగుచేసేవాడు. తోడుగా పోశయ్య ఉండేవాడు. అతనిది కొండపాక. ఇద్దరూ కలిసి తుక్కులో పడివున్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటి తెచ్చి, దానికి ప్రాణం పోశారు. రెండు తలుపుల చిన్న కారు. దాన్ని తీసుకుని తమ్ముడు పందేలకు పోవడం మొదలుపెట్టింది 1987లో.

హైదరాబాదు అవతల ఎప్పుడో వదిలేసిన, విమానాలు దిగే పట్టీ ఉంది. ఆ సిమెంటు మీద తారు డ్రమ్ములు నిలబెట్టి మలుపులు చేసి క్లబ్బువాళ్ళు ఏడాదికి నాలుగైదు పందేలు పెట్టేవారు. అన్నిటిలో వచ్చిన మార్కులు కలిపి చివరకు కప్పు ఇచ్చేవారు. తమ్ముడు దిగిన తరగతికి ఒక నియమం ఉంది. పందెం కోసమే కట్టిన బండి పనికిరాదు. కంపెనీ జనానికి అమ్మిన బండే కావాలి. ఇంజను, బాడీ, సీట్లు అమ్మిన నాడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉండాలి.

బాపుకు ఇదంతా వేళాకోళంగా ఉండేది.

"గుండ్రంగ తిరిగి తిరిగి మళ్ళ గాడికే వస్తరు. గంత దానికి గంత పెట్రోలా?"

"నువ్వు కొమురెల్లిల గుడి సుట్టు తిరిగి ఏడికి పోతున్నవ్ బాపూ?"

"నేను మల్లన్న తానికి పోతున్న. నువ్వు డ్రమ్ముల తానికి పోతున్నవ్."

తమ్ముడికి గట్టి పోటీ చీతా అనే కారు. హైదరాబాదులో ఒక పెద్దమనిషి చిన్న కంపెనీ పెట్టి దాన్ని చేసేవాడు. ఫైబరు బాడీ, నేలకు ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు. పందెంలో నడిపేది ఆయన కొడుకు. క్లబ్బుకు అధ్యక్షుడు ఆయనే. నిజంగా అది జనానికి అమ్మిన బండేనా అని ఒకరోజు తమ్ముడిని అడిగాను.

"ఇరవై అయిదు అమ్మినమంటున్రక్కా. నేనైతె రోడ్డు మీద ఒక్కటి సూడలే."

"మరి ఎవరూ అడగరా?"

"అడగాల్సినోళ్ళందరు వాళ్ళింట్ల చాయ తాగెటోళ్ళే."

అన్నం తింటూ పళ్ళెంలో వేలితో పట్టీ గీసి, రెండు కార్లకూ తేడా ఎక్కడుందో చెప్పేవాడు. సీదా తొవ్వలో చీతాను హెరాల్డ్ ఎన్నటికీ అందుకోలేదు. కానీ హెరాల్డ్ ముందు చక్రాలు మామూలు కార్లకంటే ఎక్కువ మళ్ళుతాయి. డ్రమ్ము దగ్గర చీతా వెడల్పుగా తిరిగి రావాలి, హెరాల్డ్ డ్రమ్మును ఆనుకుని ఇరుకులో తిరిగొస్తుంది. "సీదాల వాడు ఎంత ముందుకు పోతడో, మలుపుల గంత నేను గుంజుకుంట," అనేవాడు. ఆ యేడు మొదటి రెండు పందేలూ అట్లాగే గుంజుకున్నాడు.

మూడో పందేనికి ముందు క్లబ్బు కమిటీ కూర్చుంది.

"బండ్లు ఒకదానికొకటి సమానం లెవ్వంటక్కా. గెల్చిన బండికి బరువు పెట్టాల్నంట. నాకు నలభై కిలోలు ఏసిన్రు."

"సీదా తొవ్వలో చీతానే ఎక్కువని నువ్వే చెప్పావు కదా. దానికి పెట్టరా?"

"అది ఓడింది. ఓడినదానికేం పెడ్తరు?"

"నిరుడు గెలిచింది."

"నిరుడు ఈ రూలు లేకుండె."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తరగతిలో మొదట వచ్చిన పిల్లకు నేను పరీక్షలో సమయం తగ్గించను అన్నాను. "నువ్వు కమిటీల లెవ్వక్కా, గదే మా కర్మ," అన్నాడు.

బరువు సంగతి వినేసరికి బాపు మారిపోయాడు. పందేలను వెక్కిరించిన మనిషికి కొడుకు పక్షాన కోపం వచ్చింది. కాంట పక్కనున్న బాట్లు తనే తీయించాడు.

"గివి తీస్కపో. అడుగున సీసం మీద సర్కారు ముద్రున్నది. రేపు నలభై లెవ్వని ఎవడన్న నోరిప్పితె తిరగేసి సూపి. మన తూకాన్ని ఎవడంటడో సూస్త."

నేను బడికి పోయాక షెడ్డులో జరిగింది పోశయ్య తర్వాత చెప్పాడు. నియమం ప్రకారం బరువు కదలకుండా కారు నేలకు బిగించాలి. పోశయ్య బాటును తొలిచి, అందులోంచి బోల్టు దించుదామని డ్రిల్లు తీశాడు. అప్పుడే బాపు అక్కడికి వెళ్ళాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"తొల్సి బోల్టేస్తున్న సేటూ. అటిటు కదలొద్దు."

"తొల్సినంక అది ఇరవై కిలోలెట్లయితది? ముద్రకేం ఇజ్జతుంటది? తొల్వకు."

"పైన చేతిపట్టుల నుంచి ఇనుప పట్టీ ఏసి కడ్తె ఆగది సేటూ. బరువు శానున్నది."

"ఆగెటట్టు కట్టు. మా తాత కాలం నుంచి బాటుకు తొర్ర పెట్టినోడు మా ఇంట్ల లేడు."

గంజిలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. తక్కువ తూచేవాడే బాటును తొలుస్తాడు. తొర్ర ఉన్న బాటు ఒక్కటి దుకాణంలో కనబడితే ఆ ఇంటి పేరు పోయినట్టే. పోశయ్య తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు డ్రిల్లు అతని చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు. "బాపు చెప్పినట్టే చేద్దాం తియ్ పోశన్నా," అన్నాడు. పట్టుల్లోంచి ఇనుప పట్టీ వేసి, ఆ పట్టీని నేలకు బిగించారు.

పందెం నాడు క్లబ్బు వాళ్ళు కారును పరీక్ష చేశారు. బాట్లు చూసి వాళ్ళకు ముచ్చటేసిందట. ఒకాయన వంగి అడుగున ముద్ర చూసి, "సర్కారే తూచినంక మనమేం తూస్తం," అన్నాడట. అందరూ నవ్వారు. ముద్ర చూశారు. కట్టు చూడలేదు.

తమ్ముడు ఆ బరువుతోనూ రెండో స్థానంలో ఉన్నాడు. చీతా వెనకే ఒక మలుపులో డ్రమ్ము తగిలి హెరాల్డ్ ఒక పల్టీ కొట్టింది. నడుముకు బెల్టు, నెత్తికి హెల్మెట్ ఉన్నాయి. లేచి నడిచి రావాల్సినవాడు. పట్టీ తెగి బాటు ఎగిరి మెడ మీద పడింది.

గాంధీ దవాఖాన వరండాలో పోశయ్య ఇది చెబుతున్నప్పుడు బాపు లోపల ఉన్నాడు. కారు బోర్లాపడి ప్రాణం పోయిందని మాత్రమే ఆయనకు తెలుసు. "బాపుకు చెప్పకు," అన్నాను. పోశయ్య చాలాసేపు ఏడ్చి, సరేనన్నాడు.

రామేశ్వర్ గారు బడి స్టాఫ్‌రూములో నా ఎదురుగా కూర్చున్నారు. మర్యాద తెలిసిన మనిషి. నీళ్ళు కూడా తాగలేదు.

"కమిటీ విచారణ అయిపోయిందమ్మా, పోశయ్యను గూడ అడిగినం. కారణం రాసి పేపరుకివ్వాలె. అందుకే ముందు మీతో మాట్లాడుదామని వచ్చిన."

"ఏం రాస్తున్నారు?"

"రెండు తీర్ల రాయొచ్చు. ఉన్నదున్నట్టు రాస్తె బాట్ల సంగతి రాయాలె. తొల్వకుండ ఎందుకు కట్టిన్రు, అవి ఎవరివి, ఎవరు వద్దన్నరు, గదంత వస్తది. మీ నాయనగారి పేరు పేపర్ల పడ్తది."

"మీ వాళ్ళు కట్టు చూడని సంగతి కూడా పడుతుంది కదా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పడ్తది. నేను కాదంట లేను."

"రెండోది?"

"డ్రైవరు నిర్లక్ష్యంగ మలుపు తిప్పిండని రాస్తరు. బాట్ల మాటే ఉండది. మీకు బాధ తక్కువైతది."

ఎవరికి తక్కువవుతుందో ఇద్దరికీ తెలుసు. చీతా ఆ యేడు కప్పు తీసుకుంటుంది. కమిటీ మీద ఎవరూ వేలెత్తరు. అయినా ఆయన చెప్పినదాంట్లో ఒక నిజముంది. ఇద్దరిలో ఒక్కరినే నేను కాపాడుకోగలను. తమ్ముడి పేరు నిలబెడితే బాపు బతకడు. బాపును బతికించుకోవాలంటే తమ్ముడి పేరు వదులుకోవాలి. గంట కొట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు వరండాలో నా కోసం నిలబడ్డారు.

"రెండోదే రాయండి," అన్నాను.

ఆయన లేచి చేతులు జోడించారు. బాట్లు మీరే పారేయండని అడిగాను. అవి మీ సొత్తు, మా దగ్గర ఉంచుకుంటే రేపు మాట వస్తుందన్నారు. ఎవరో వాటిని కిరసనాయిలుతో తుడిచినట్టున్నారు. నల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

రిక్షాలో ఇంటికి తెచ్చాను. దారిలో చెరువులో పడేద్దామనిపించింది కానీ, బాపు అప్పటికే రెండుసార్లు అడిగాడు. లేకపోతే ఎందుకు లేవని అడుగుతాడు. బాట్లు చూడగానే ఆయన అరుగు దిగి వచ్చాడు. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిప్పి సీసం మీద బొటనవేలితో రుద్దాడు.

"ముద్ర గిట్లనే ఉన్నది బిడ్డా. వాడు పోయిండు గని ముద్ర పోలే."

ఆ సాయంత్రమే వాటిని కాంట మీద పెట్టి మిగతా బాట్లతో సరిచూశాడు. తేడా రాలేదు. మరుసటి రోజు నుంచి వాటితోనే బస్తాలు తూచాడు. మా ఇంట్లోకి వచ్చే కందిపప్పు కూడా ఆ కాంట మీది నుంచే వస్తుంది. నేను వండుతాను, ఆయన తింటాడు, నేనూ తింటాను.

పేపరులో వార్త చిన్నదిగా వచ్చింది. అది పట్టుకుని పోశయ్య దుకాణానికి వచ్చాడు. నేను అప్పుడే బడి నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తున్నాను. బాపు లోపల బెల్లం తూస్తున్నాడు.

"నిర్లక్ష్యమంటున్రేంది టీచరమ్మా?" గొంతు తగ్గించి అడిగాడు. "హరన్నదా నిర్లక్ష్యం? పానా సుత తీసిన జాగల పెట్టకపోతె నన్ను తిట్టెటోడు. పోదాం పా, పేపరోళ్ళ తానికి. నేను చెప్త."

"వద్దు పోశయ్యా. నేనే ఒప్పుకున్నాను."

"నువ్వా?"

"బాపు పేరు రాకుండా ఉండాలంటే అదొక్కటే దారి."

పోశయ్య నా ముఖం చూశాడు. పేపరు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "మరి హరన్నకెవరున్నరు?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా లోపలి నుంచి కౌసల్యమ్మ గొంతు వినిపించింది. మా వీధి చివర ఇల్లు ఆమెది. బెల్లం కోసం వచ్చి కూర్చుంది.

"పేపర్ల వడ్డదట గద నాగేశం. పిలగాడు మలుపుల ఆగమాగం జేసిండని రాసిన్రట. మా ఆయన సదివిండు."

బాపు బెల్లం ముక్కను కాంటలో వేసి, తీసి, చిన్న ముక్క పగలగొట్టి మళ్ళీ వేశాడు.

"అవ్ అక్కా. మెల్లగ పోరా అని ఎన్నిసార్లు చెప్పిన. ఏం లాభం? చిన్నప్పటి సంది గంతే. ఒక్కనాడన్న నా మాట విన్నడా వాడు?"

పోశయ్య గడప దాటబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అతను ఆగాడు కానీ నా వైపు చూడలేదు.

"అయ్యో, అట్లనా," అంది కౌసల్యమ్మ. గుమ్మంలో నన్ను చూసి నా వైపు తిరిగింది. "నెమ్మదస్తుడనుకున్నంగదనే మేమంత. నిజమేనా బిడ్డా, మాట వినకపోయెటోడా?"

బాపు కాంట ముల్లు నిలిచేదాకా చూస్తున్నాడు. నా జవాబు కోసం ఆయన కూడా తలెత్తాడు.

"వినేవాడు కాదు అత్తమ్మా," అన్నాను.