ఫైలు పేరు మార్చి చూశాక

ఆస్పత్రి కంప్యూటర్ విభాగానికి ఆవిడే పెద్ద. అక్కడి యంత్రాలు చూసుకునేది మరిది. కింది అంతస్తులో మందుల దుకాణం నడిపేది భర్త. రోగుల రిపోర్టులు బయటి కంపెనీకి చేరుతున్నాయని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడకు తాడు కూడా పాములాగే కనబడుతోంది.

ఫైలు సొంతదారు కూడా సడలించలేని కట్టడి పెట్టమని పెద్ద డాక్టరమ్మ ఆదేశించింది. అందుకు దారులు రెండు. ఏ ప్రోగ్రాము ఏ చోటున్న ఫైళ్లను ముట్టుకోవచ్చో ఆ చోటు పేరుతో నిర్ణయించడం ఒకటి. ఫైలుకే ముద్ర వేసి, దాన్ని ఏ పేరుతో పిలిచినా ముద్ర అంటిపెట్టుకునేలా చేయడం రెండోది.

"మొదటిదే పెడదాం వదినా, సులువు. ముద్రలంటే సగం వార్డులు ఆగిపోతాయి, నా మాట విను," అన్నాడు మరిది.

"సులువనేనా, ఇంకేమైనా ఉందా?"

"ఇంకేముంటుంది?" అంటూ అతను తెర వైపు తిరిగాడు.

ఆ పట్టుదల ఆవిడకు నచ్చలేదు. రెండు యంత్రాల మీద రెండూ పెట్టించి పక్కనే కూర్చుంది. మొదటి దాంట్లో దుకాణం ప్రోగ్రాముతో రిపోర్టు తెరవబోతే కుదరదంది. ఆవిడ అదే రిపోర్టుకు, నకలు తీయకుండానే, దుకాణం ఫోల్డరులో ఇంకో పేరు తగిలించింది. ఈసారి అడ్డూ ఆపూ లేకుండా తెరుచుకుంది. మరిది ముఖంలో ఆశ్చర్యం మచ్చుకైనా లేదు.

రెండో యంత్రం దగ్గర ఆ పప్పులుడకలేదు. పేరు మారినా ముద్ర మారలేదు. అంతలో, ఆ యంత్రంతో నడిచే వార్డు నుంచి నర్సు పరుగున వచ్చింది.

"స్కాన్లు తెరుచుకోవట్లేదమ్మా! డాక్టరుగారు మండిపడుతున్నారు!"

బ్యాకప్ నుంచి తెచ్చిన ఫైళ్లకు ముద్రలు పడలేదు. మరిది మళ్లీ వేసి సర్దాడు. వార్డులు ఆగిపోతాయని అతనన్న మాట నిజమే. అయినా ఆవిడ అనుమానం తగ్గలేదు.

నర్సు వెళ్లాక నిలదీసింది. "ఆ సందు నీకు ముందే తెలుసు కదూ?"

మరిది తలదించుకున్నాడు. "తెలుసు వదినా. అలాంటి పేరు ఒకటి నేనే తగిలించా. స్టాకు అంచనాకని అన్నయ్య అడిగాడు. అంతకు మించి అన్నయ్యని ఆరా తీస్తానా?"

ఆవిడ తిన్నగా దుకాణానికి దిగింది.

"రిపోర్టులు బయటికి పంపింది మీరేనా?"

"ఎవరన్నారు? వాడేనా?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడ్డాడు భర్త.

"ఎవరన్నారని అడిగారు గానీ కాదనలేదే."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "వాళ్లు పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు..."

"డాక్టరమ్మకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

తనే వెళ్లి చెప్పుకున్నాడు. దుకాణం పోయింది, విచారణ మొదలైంది. ఆవిడ ఆస్పత్రంతా ముద్రల పద్ధతే పెట్టించింది. నియమం మార్చాలంటే తన పాస్‌వర్డుతో పాటు డాక్టరమ్మది కూడా పడాల్సిందే.

"నన్నింక నమ్మవా వదినా?" అన్నాడు మరిది.

"నన్ను కూడా నమ్మొద్దనే రెండో పాస్‌వర్డు పెట్టించాను."

ఇంట్లో భర్త ఫోను మోగితే మాత్రం ఆవిడ చేతిలో పని ఇప్పటికీ ఆగిపోతుంది.