మడిగెల జాగాలో పడుగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నేను చెప్పడం కాదు, మా ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. పందొమ్మిది వందల అరవై ఒకటిలో కరీంనగర్ మున్సిపాలిటీలో గుమాస్తాను. కైలాసం గుమాస్తా అంటే బంట్రోతులు కూడా పక్కకు తప్పుకునేవారు. బల్ల మీదికి వచ్చిన ఫైలు మూడు రోజుల్లో కదలకపోతే నాకు అన్నం సయించదు. అలాంటి నన్ను సాలెవాడ ఐలవ్వ నెల రోజులు ముప్పుతిప్పలు పెట్టింది.

నిజాం కాలం నాటి పట్నం నక్షాలో సాలెవాడను ఆనుకుని ఒక ఖాళీ జాగా ఉంది. దాని మీద ఎర్ర సిరాతో ‘మడిగెలు’ అని రాసి ఉంది. దుకాణాలు కట్టడానికి విడిచిపెట్టిన జాగా అన్నమాట. నిజాం పోయాడు, కొత్త రాష్ట్రం వచ్చింది, అక్కడ ఒక్క మడిగె కూడా లేవలేదు. ఈలోగా ఊళ్లో కాలేజీ వచ్చింది. ఉట్నూరు అడవుల నుంచి, మెట్‌పల్లి నుంచి, మంచిర్యాల పక్క బొగ్గుబాయిల నుంచి పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకుని దిగారు. ఉండటానికి చోటు లేక ఎవరి అరుగు మీదో పడుకునేవారు, ఎవరి పెరట్లోనో వండుకునేవారు. ఇంటివాళ్లకు చుట్టాలు వస్తే పుస్తకాలతో సహా రోడ్డున పడేవారు.

ఆ మడిగెల జాగాను విద్యార్థులు ఉండే అర్రల కిందికి, అంటే గదుల కిందికి, మార్చాలని ఫైలు కదిలింది. నోటీసు అంటించాం. ముప్పై రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మార్పు మేమే చేసుకోవచ్చు. ఒక్క అభ్యంతరం నిలిచినా ఫైలు హైదరాబాదు పోవాలి. పోతే మళ్లీ ఏడాది దాకా దాని ముఖం చూడం.

వచ్చింది ఒకే ఒక్క అభ్యంతరం. కింద ఐలవ్వ వేలిముద్ర. పైన చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది. ఎవరిదా అని ఆరా తీస్తే, ఆమె అరుగు మీద ఉండి చదువుకుంటున్న బొగ్గుబాయి కార్మికుడి కొడుకు దేవదాసుది! అర్ర వస్తే మొదట బాగుపడేవాడు వాడే. పిలిపించి చెడామడా తిట్టాను.

“అవ్వ చెప్పింది, నేను రాసిన సార్. అవ్వ చేతి అన్నం తింటున్న. రాయనంటె ఎట్ల?” అన్నాడు తల వంచుకుని.

ఇక నేనే పోయాను. ఐలవ్వ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. మొగుడు పోయాక ఆ మగ్గాన్ని ఆమే నడుపుతోంది.

“ఏందవ్వా, పిల్లల నోటికాడి కూడు తీస్తవా?” అన్నాను.

“పొల్లగాండ్లు ఉండాలె సారూ. నేనొద్దంటనా? గని గోడలు లేస్తె నా పడుగు యాడ చాపుకోవాలె? పడుగు లేకుంటె మగ్గం లేదు. మగ్గం లేకుంటె నేను లేను.”

“మానేరు ఒడ్డున కావలసినంత జాగా ఉంది గదా!”

“గాడ గాలికి ఇసుక లేస్తది. గంజి మీద ఇసుక పడ్డంక గా పోగు మగ్గంల నిలుస్తదా?” అని నవ్వింది. “రేపు పొద్దుగాల జాగ కాడికి రా సారూ. సూడకుంట కొట్లాడుడేంది?”

కోపంగానే వెళ్లాను. వెళ్లి, నిలబడిన చోటే నిలబడిపోయాను.

అప్పుడే తెల్లవారుతోంది. జాగా ఈ కొస నుంచి ఆ కొస దాకా అరవై అయిదు గజాల పడుగు గాలిలో తేలుతోంది. మగ్గానికి ఎక్కాల్సిన నిలువు పోగులు, రెండు వేల పైచిలుకు. జంట కర్రల మీద ఆనించి, రెండు కొసలా లాగి కట్టారు. ఐలవ్వ గంజి చల్లుతూ ముందు నడుస్తోంది. వెనక మనుషులు పొడుగాటి కుంచెలతో దువ్వుతున్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పొయ్యి మీద కూర వదిలి ఒకామె వచ్చింది. సగం గడ్డం గీయించుకున్నవాడు, మిగతా సగం అట్లాగే పెట్టుకుని వచ్చాడు. గంజి పడ్డ పడుగు ఎవరిదైనా సరే, ఆరేలోపు సాలెవాడంతా వచ్చి చెయ్యి వెయ్యాలట. తడి పడుగును ఎవరూ దాటకూడదట. మనిషి గానీ, గొడ్డు గానీ. ఐలవ్వ పోగుల మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని నడిచింది. ఒకచోట ఆగి, రెండు వేలల్లో తెగిన ఆ ఒక్క పోగును పట్టుకుంది.

అంతటి పనిని నేను అంతవరకు చూడలేదు. రోజూ ఆ పక్క నుంచే ఆఫీసుకు పోయేవాణ్ణి, తల తిప్పి చూడలేదు. సిగ్గు వేసింది. అయినా దేవదాసు ట్రంకుపెట్టె కూడా కళ్ల ముందు నుంచి పోలేదు. ఇద్దరికీ న్యాయం చేసే దారి నాకు తోచలేదు.

ఇరవై ఆరో రోజున ఓవర్సీరు హనుమండ్లు గొలుసు పట్టుకుని కొలతలకు వచ్చాడు. ఆఫీసులో గీసిన నక్షా ప్రకారం జాగా నడుమ నలుచదరంగా ఒకే భవనం. కానీ ఆ పొద్దున జాగా నడుమ తడి పడుగు ఉంది.

“తియ్యుండ్రి దీన్ని! నాకు పదింటి బస్సున్నది” అని అరిచాడు.

“గంజి పడ్డంక తీసుడుండదు సారూ. జర ఆగు” అంది ఐలవ్వ.

గంట ఆగాడు. బస్సు వేళ దగ్గర పడింది. దాటి పోదామని కాలెత్తితే సాలెవాడంతా ఒక్కసారి కేక వేసింది. పాపం, ఎత్తిన కాలు వెనక్కి పెట్టుకున్నాడు. చివరికి చిరాకు పుట్టి పడుగుకు ఈ పక్క కొన్ని మేకులు, ఆ పక్క కొన్ని మేకులు పాతి, “సోమవారం వచ్చి సరిజేస్త” అని బస్సుకు పరుగెత్తాడు.

పడుగు ఎత్తేశాక జాగాలో మేకులు మిగిలాయి. రెండు వరసలు, నడుమ బారుగా ఖాళీ తొవ్వ. నేను చూస్తూ ఉండిపోయాను. ఎవరూ అనుకుని చేసిన పని కాదు. పడుగు తనకు కావలసిన చోటు తానే గీసుకుంది.

సోమవారం హనుమండ్లును ఆ మేకులు పీకనివ్వలేదు. వరసకు పద్దెనిమిది అర్రలు, ముందు బారుగా వరండా, నడుమ తొవ్వ. తూర్పు కొసన తొవ్వకు అడ్డంగా ఇంకో రెండు అర్రలు. అర్రకు ఇద్దరి లెక్కన డెబ్భై ఆరుగురు. నక్షా మళ్లీ గీయించి, ముప్పయ్యో రోజు పొద్దున ఐలవ్వను జాగాకు పిలిచాను. ఆమె తొవ్వ పొడుగునా వంగి మూరలు వేసుకుంటూ పోయి, తూర్పు కొసన నడుమెత్తి నిలబడింది.

“మూడు మూరలు తక్కువున్నది సారూ.”

నాకు నెత్తికెక్కింది. “మూడు మూరల కోసం రెండర్రలు తియ్యాల్నా? నలుగురు పిల్లలు యాడికి పోవాలె?”

ఐలవ్వ నన్ను వింతగా చూసింది. “మా ఇంటికి” అంది. “దేవదాసు ఉంటలేడా? ఆనితోని ఇంకో ముగ్గురు. మూడు మూరలు నువ్వియ్యి, నలుగురిని నేను సూసుకుంట.”

ఆ రెండు అర్రలూ కొత్త నక్షాలోంచి తీసేశాను. అభ్యంతరం వాపసు తీసుకుంటున్నట్టు కాగితం ఆమె ముందు పెట్టాను. వేలిముద్ర వేసి, అంటిన సిరాను కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పట్నం నక్షాలో ‘మడిగెలు’ అన్న మాటను నా చేత్తోనే కొట్టేశాను.

మరుసటి ఏడు జూన్‌లో పిల్లలు అర్రల్లోకి వచ్చారు. మూడో రోజు పొద్దున ఎలా ఉందో చూద్దామని ఆఫీసుకు పోతూ ఆగాను. నడుమ తొవ్వలో ఐలవ్వ పడుగు సాగి ఉంది. అటు పద్దెనిమిది తలుపులు, ఇటు పద్దెనిమిది తలుపులు. కాలేజీకి పోయే పిల్లలు పడుగును దాటకుండా చుట్టూ తిరిగి పోతున్నారు.

ఇంతలో మానేరు వైపు మొగులు కమ్మింది. సాలెవాళ్ల ముఖాల్లో నెత్తురు లేదు. గంజి మీద వాన పడితే పోగులన్నీ అంటుకుపోతాయి, ఇక ఆ పడుగు పొయ్యిలోకే. మొదటి చినుకు నా చేతి మీద పడింది.

“అవ్వా, వరండా!” అని దేవదాసు అరిచాడు. “అందరు రాండ్రిరా! కర్రలు పట్టుండ్రి!”

తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఉట్నూరు పిల్లలు, మెట్‌పల్లి పిల్లలు, బొగ్గుబాయి పిల్లలు, సబ్బు నురగ ముఖంతో ఒకడు, చేతిలో పుస్తకంతో ఒకడు, వచ్చి కర్రకు ఇద్దరు చొప్పున నిలబడ్డారు. కొసలు విప్పి సాలెవాళ్లు బిగబట్టారు.

“లాగొద్దు, వదలొద్దు! అందరిదొక్కటే అడుగు!” ఐలవ్వ గొంతు తొవ్వంతా మోగింది.

అరవై అయిదు గజాల పడుగు కర్రలతో సహా నేల నుంచి లేచింది. ఒక్క అడుగు. ఇంకొక్క అడుగు. దాదాపు డెబ్భై మంది ఊపిరి బిగబట్టి పక్కకు నడిచారు. పడుగు వంగలేదు, ముడి పడలేదు. అలాగే వచ్చి వరండా కప్పు కిందికి చేరింది. వరండా పడుగు కంటే మూరెడే ఎక్కువ. ఆ లెక్క నేను వెయ్యలేదు, హనుమండ్లు వెయ్యలేదు.

వాన దబదబా కురిసింది. నేను ఆ వానలోనే ఫైళ్ల సంచితో నిలబడి ఉన్నాను, పక్కకు పోవాలని కూడా తోచలేదు. ఐలవ్వ ఈ కొస నుంచి ఆ కొస దాకా కళ్లు మూసుకుని పోగుల మీద చెయ్యి వేసి నడిచింది. పిల్లలంతా కర్రలు వదలకుండా ఆమె ముఖమే చూస్తున్నారు. చివరి పిల్లవాడి దగ్గరికి వచ్చాక ఆమె కళ్లు తెరిచింది.

“ఒక్క పోగు తెగలే” అంది. తర్వాత కుంచె తీసి ఆ పిల్లవాడి చేతిలో పెట్టింది. “గంజి ఇంక తడిగనే ఉన్నది బిడ్డా. దువ్వు.”