ఏడో గీత

నేను ఒక యాంటీబాడీని. నన్ను కంటితో చూసినవాళ్లు లేరు, నేను కలిసివున్న నీళ్లనే అందరూ చూసేది. గుండె కణాల పొరలో పొటాషియం రాకపోకలకు సన్నని దారులుంటాయి. ఆ దారి ఒక ప్రోటీన్. అందులోని చిన్న ముక్కను మనుషులు తయారుచేసి ఒక తెల్ల కుందేలుకు సూదితో ఎక్కించారు. ఏదో శత్రువు వచ్చిందనుకుని ఆ అమాయకురాలు తన రక్తంలో నన్ను పుట్టించింది. నాకు తెలిసిన పని ఒక్కటే: ఆ ప్రోటీన్ ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకోవడం.

చిటికెన వేలంత సీసాలో, మంచు మధ్య ప్రయాణించి హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు చేరాను. అక్కడ నాకోసం నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నది స్వరూప. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. మధుమేహం వచ్చిన ఎలుకల గుండెలో ఆ ప్రోటీన్ తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. తగ్గితే పేపరు వస్తుంది, పేపరు వస్తే థీసిస్ ఇవ్వవచ్చు. గడువు మూడు నెలలే మిగిలింది.

గుండె నుంచి తీసిన ప్రోటీన్లను కాగితంలాంటి పొర మీదికి ఎక్కించి, దాన్ని నాలో నానబెడతారు. నేను పట్టుకున్నచోట నల్లటి చార తేలుతుంది. ప్రోటీన్ ఎక్కువుంటే చార చిక్కగా వస్తుంది.

నన్ను తెప్పించడం కష్టం కనుక, పలుచన చేసి ఒకసారి వాడాక పారబొయ్యరు. మళ్లీ గొట్టంలోకి ఒంపి ఫ్రిజ్‌లో పెడతారు. వాడినప్పుడల్లా గొట్టానికి అంటించిన తెల్లటేపు మీద పెన్నుతో ఒక గీత గీస్తారు. అది అక్కడి ఆచారం.

గాజుసామాను కడిగే ఐలయ్యకు ఇది నచ్చదు. "మళ్ల గదేనా స్వరూపమ్మా? పొద్దటి చారుల నీళ్లు వోసి రాత్రికి చారంటవా?"

"నీ చారు ముచ్చట ఆపు ఐలన్నా. ఇది ఇంకో రెండుసార్లకు వస్తది."

ఎలుకలకు జబ్బు ముదరడానికి వారాలు పడతాయి. అందుకని స్వరూప ముందు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల గుండెలు చూసింది. మొదటి మూడు గీతలు వాటివి. చారలు నల్లగా మెరిశాయి. తర్వాతి మూడు గీతలు జబ్బు ఎలుకలవి. చారలు వెలిసిపోయాయి.

"నేను చెప్పానా లేదా! సోమవారానికల్లా రాసిచ్చెయ్," అంది ఆమె గైడు వసుంధర మేడం. ఆ రోజు స్వరూప ఐలయ్యకు కూడా మిఠాయి పెట్టింది.

ప్రతిసారీ నాలో కొంత పొరలకే అంటుకుని పోతున్నది. ఆ సంగతి నాకు తెలుసు, కానీ నాకు నోరు లేదు. మనుషులు కంటికి కనిపించని నన్ను నమ్ముతారు గానీ, చేతిలో ఉన్న టేపును చూడరు.

పేపరులో పెట్టడానికి బొమ్మ ఇంకాస్త శుభ్రంగా రావాలని, స్వరూప ఆరోగ్యంగా ఉన్న ఎలుక నమూనానే మళ్లీ నాలో నానబెట్టింది. ఏడో గీత గీసింది. చార వెలిసిపోయి వచ్చింది. నమూనా పాడైందేమోనని వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత గొట్టం చేతిలోకి తీసుకుని, టేపు మీది గీతలను వేలితో ఒక్కొక్కటీ తాకుతూ వెళ్లి, జబ్బు ఎలుకలు మొదలైన నాలుగోదాని దగ్గర ఆగింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఐలయ్య.

"చారు పలుచబడ్డదన్నా."



మేడం గదికి గొట్టం తీసుకునే వెళ్లింది. "ప్రోటీన్ తగ్గలేదేమో మేడం. తగ్గింది ఇది."

మేడం టేపు మీది గీతలు లెక్కపెట్టింది. "ఇంకెవరికైనా తెలుసా?"

"ఐలన్నకు."

మేడం నిట్టూర్చింది. "టేపు నేనూ చూడలేదు. రెండు రకాల ఎలుకలవీ ఒకే పొర మీద ఎక్కించు. గడువు సంగతి నేను అడుగుతాను. ఇస్తారో లేదో చెప్పలేను."

చిన్న సీసా అడుగున నేను ఇంకా కాస్త మిగిలున్నాను. అందులోంచి తీసి కొత్తగా కలిపింది. చారలు పక్కపక్కనే తేలాయి. రెండూ ఒకేలా, నల్లగా ఉన్నాయి. స్వరూప నోటుబుక్కులో "తేడా లేదు" అని రాసింది. పాత టేపును ఊడదీసి ఆ మాట కిందే అంటించింది. పాత గొట్టంలోని నన్ను ఐలయ్య సింకులో ఒంపేశాడు.

కొత్త గొట్టానికి కొత్త టేపు వచ్చింది. దాని మీద ఆమె గీత గీయలేదు. "ఒక్కసారే" అని రాసింది.